‘స్టార్టప్ స్క్రిప్టు’ను ‘ప్రారంభ లిపి’ అనవచ్చునా?

ప్రశ్న (ప్రొద్దుటూరు నుండి): డిగ్రీ విద్యార్థులకు లినక్స్ పాఠాలు తెలుగులో రాస్తున్నాను. షెల్ (మనం టైపు చేసిన ఆదేశాలను అమలు చేసే ప్రోగ్రాము) మొదలవగానే తనంతట తానే చదువుకొనే ఫైళ్లను ‘ప్రారంభ లిపి’ అన్నాను. పెద్దలు సరిచూడగలరు.

సమాధానం (కడప నుండి): అయ్యా, ‘లిపి’ ఇక్కడ పొసగదు. లిపి అనగానే అక్షరాల రూపమే స్ఫురిస్తుంది గాని, వరుసగా అమలు కావలసిన ఆదేశాలు స్ఫురించవు. బ్యాష్ అనే షెల్ చదువుకొనే ‘బ్యాష్ఆర్‌సీ’ ఫైలు పేరులోని ‘ఆర్‌సీ’ కూడా 1960లలో అమెరికాలోని ఎంఐటీ విద్యాసంస్థలో నడిచిన సీటీఎస్ఎస్ అనే కంప్యూటరు వ్యవస్థలో ఉండిన ‘రన్‌కామ్’ నుండి, అంటే ఆదేశాలను నడిపించడమనే భావం నుండి వచ్చినదే.

నాటకం మొదలయ్యే ముందు చదివే నాంది వలె, ప్రాంప్టు (ఆదేశం కోసం ఎదురుచూసే గుర్తు) కనబడక ముందే ఈ ఆదేశాలు నడుస్తాయి కనుక, ‘నాంది’ అన్న మాటను నేను సూచిస్తాను. అయితే ఒక్క మాటతో సరిపెట్టకండి, ఎందుకంటే బ్యాష్‌లో సందర్భాన్ని బట్టి చదివే ఫైలు మారుతుంది. లాగిన్ అయినప్పుడు చదివే ‘బ్యాష్ ప్రొఫైల్’ను ‘ప్రవేశ నాంది’ అనీ, ఆ తరువాత టెర్మినల్‌లో కొత్త కిటికీ తెరిచినప్పుడల్లా సాధారణంగా చదివే ‘బ్యాష్ఆర్‌సీ’ని ‘సంభాషణ నాంది’ అనీ వేరు చేయండి. విద్యార్థులు తికమకపడేది సరిగ్గా ఇక్కడే. పొడవైన ఆదేశానికి ఒక అలియాస్ (పొట్టి మారుపేరు) పెట్టుకొని, దానిని ప్రొఫైల్‌లో మాత్రమే రాసిన విద్యార్థికి, కొత్త కిటికీలో ‘కమాండ్ నాట్ ఫౌండ్’ అన్న జవాబే వస్తుంది. ఎక్స్‌పోర్ట్ చేసిన చరరాశులు, అంటే ప్రోగ్రాములను ఎక్కడ వెతకాలో చెప్పే పాత్ వంటివి, పిల్ల షెల్‌కు (ఒక షెల్ నుండి మొదలైన మరో షెల్‌కు) సంక్రమిస్తాయి, అలియాస్‌లు సంక్రమించవు. నిర్ణీత వేళలకు పనులను తనంతట తానే నడిపించే క్రాన్ పనుల్లో మనిషితో సంభాషణ ఉండదు కాబట్టి అక్కడ సంభాషణ నాందీ ఉండదని చెబితే, పేరే ఆ నియమాన్ని గుర్తుచేస్తుంది.

షెల్, లాగిన్, అలియాస్ అన్న మాటలను మాత్రం మార్చవద్దని నా మనవి. మన కడపలో ఉండి తెలుగు గ్రంథాలను సేకరించిన బ్రౌన్ దొర, తెలుగులో వాడుకైన అన్యదేశ్యాలకు 1854లో మిశ్రభాషా నిఘంటువునే ప్రత్యేకంగా వెలువరించాడు. వాడుకలో నాటుకొన్న మాటకు ఆ గౌరవం చెల్లాలి.

ప్రశ్నించినవారు: చాలా సంతోషమండీ. లాగిన్ షెల్ ఆర్‌సీని కూడా చదువుతుందా?

సమాధానం: తనంతట తాను చదవదు. అందుకే ప్రొఫైల్‌లో ‘సోర్స్’ ఆదేశంతో (ఒక ఫైలులోని ఆదేశాలను ఇప్పటి షెల్‌లోనే నడిపించేది) ఆర్‌సీని పిలిచే పంక్తి ఒకటి రాసుకొంటారు. ఆర్‌సీని మార్చిన తరువాత, అప్పటికే తెరిచి ఉన్న షెల్‌లో ఆ మార్పు అమలు కావాలన్నా అదే ఆదేశం ఇవ్వాలి. ఈ రెండు ఉపయోగాలనూ పాఠంలో ఒకచోటే చెప్పండి.