క్లచ్ పని చేయించాక మారుతి 800లో లైట్ల తేడా: ఎర్త్ వైరు ఎక్కడ?

బండి 2004 మారుతి 800, ఎంపీఎఫ్‌ఐ (కార్బ్యురేటర్ బదులు ఇంజెక్టర్లతో పెట్రోలు అందే ఇంజన్). పది రోజుల కిందట గేర్‌బాక్స్ దింపి క్లచ్ ప్లేటు మార్పించాను. అంతకుముందు కరెంటు గొడవ ఏదీ లేదు.

ఇప్పుడు పగలు బాగానే ఉంటోంది. రాత్రి హెడ్‌లైట్లు వేయగానే టెంపరేచర్ ముల్లు సగం దాటి లేస్తోంది, ఆర్పితే టక్కున దిగిపోతోంది. ఇంజన్ అంత తొందరగా వేడెక్కి చల్లారదు కదా! బ్రేకు తొక్కితే ఇండికేటర్ మందగిస్తోంది. సెల్ఫ్ మాత్రం ఒక్కసారికే అందుకుంటోంది.

ఫ్యూజులన్నీ తీసి చూశాను, బ్యాటరీ టెర్మినళ్లు గీకి బిగించాను. బ్యాటరీ దగ్గర ఇంజన్ ఆపితే 12.6, నడుస్తుంటే 14.1 వోల్టులు, అంటే చార్జింగ్ బాగానే ఉంది. అయినా మెకానిక్ బ్యాటరీని చార్జ్ చేసే ఆల్టర్నేటర్ మార్చమంటున్నాడు, నాకైతే నమ్మకం కుదరలేదు.

నిన్న లైట్లు వేసి మీటరు పెట్టాను. బ్యాటరీ మైనస్ నుంచి గేర్‌బాక్స్‌కి దాదాపు సున్నా, బాడీ బోల్టుకి 0.9 వోల్టు. అంటే బాడీకి ఎర్త్ సరిగా అందట్లేదు. కిందికి దూరి చూస్తే గేర్‌బాక్స్ మీద ఒక బోల్టు చుట్టూ గుండ్రంగా, మట్టి అంటని మెరుపు మచ్చ ఉంది. దానికి ఏ వైరూ లేదు. క్లచ్ పనిలో విప్పిన ఎర్త్ వైరు తిరిగి బిగించలేదేమో అనిపిస్తోంది.

ఈ మోడల్‌లో గేర్‌బాక్స్ నుంచి బాడీకి వెళ్లే ఎర్త్ వైరు రెండో కొసని సరిగ్గా ఎక్కడ బిగించాలి?