విదేశంలో బ్రెటన్ బృందం: స్వరలిపి చూసి నేర్చుకోవాలా, చెవితో నేర్చుకోవాలా?

ప్రశ్న అడిగినవారు:
ఫ్రాన్స్ పడమటి కొసన ఉన్న బ్రిటనీ సంగీతాన్ని మాంట్రియల్‌లో ఒక ఔత్సాహిక బృందంతో కలిసి నాలుగేళ్లుగా వాయిస్తున్నాను. నా వాద్యం బొంబార్డ్; మన సన్నాయిలాగే జంట రెల్లుపొరల మధ్య నుంచి ఊదేది కనుక మొదటి రోజే చనువు కుదిరింది. ఇప్పుడు బృందంలో ఒక వివాదం నడుస్తోంది. సభ్యుల్లో సగం మందికి బ్రిటనీతో ఏ సంబంధమూ లేదు, సాధన వారానికి ఒక్క సాయంత్రమే, అందుచేత స్వరలిపి తప్పదని కొందరంటున్నారు. పాడుతూ, అడుగు వేస్తూ చెవితో పట్టుకోనిది బ్రెటన్ సంగీతమే కాదని మిగిలినవారి వాదన. మీ అభిప్రాయం చెప్పగలరా?

మొదటి స్పందన:
స్వరలిపి వైపే నా మొగ్గు. సంప్రదాయమని మనం చూపే బగాడ్, అంటే బొంబార్డులు, బ్యాగ్‌పైపులు, డ్రమ్ములు కలిసిన పెద్ద బృందం, 1940లలో స్కాట్లాండ్ పైప్ బ్యాండ్లను చూసి కట్టుకున్నది. అందులో మోగేది కూడా మూడు శ్రుతి గొట్టాల స్కాటిష్ బ్యాగ్‌పైపే. వాయిద్యకారుల సంఘమైన బొదడెగ్ ఆర్ సొనేరియన్ పుట్టింది 1943లో. వాద్యాన్నే అరువు తెచ్చుకున్నవారు కాగితాన్ని చూసి ఎందుకు జంకాలి?

రెండో స్పందన:
అరువు సంగతి నిజమే, కానీ అరువు తెచ్చుకున్నది వాద్యాన్ని, నడకను కాదు. బగాడ్‌కు ముందు నుంచీ ఉన్న జంటను చూడండి: ఒకరు బొంబార్డ్, మరొకరు ఒకే శ్రుతి గొట్టమున్న చిన్న బ్యాగ్‌పైపు, బినియు కోజ్. బొంబార్డ్‌కు ఊపిరి బలంగా కావాలి కనుక ఆ వాద్యకారుడు ఒక చరణం ఊది ఆగుతాడు. ఒక స్థాయి (ఆక్టేవ్) పైన మోగే బినియు మాత్రం ఎక్కడా ఆగకుండా అదే చరణాన్ని మళ్లీ పలుకుతుంది. కాన్ హ దిస్కాన్ అనే జంట గానంలోనూ అంతే: మొదటి గాయకుడి చరణం చివరి అక్షరాల దగ్గరే రెండోవాడు గొంతు కలిపి, ఆ చరణాన్ని తిరిగి అందుకుంటాడు. ఆ కలయిక ఎక్కడో కాగితం మీద గుర్తు పెట్టవచ్చు, కానీ ఎంత బరువుతో కలవాలో చెప్పేది నాట్యమే. చిటికెన వేళ్లు కలిపి చేతులు ఊపుతూ ఆడే ఆన్ డ్రోను ఒక్కసారైనా ఆడనివారు స్వరాలన్నీ సరిగ్గా పలికించినా, ఆడేవారి కాలు మాత్రం లేవదు. (మా బృందంలో ఈ అవమానం నాకే జరిగింది.) 2012లో యునెస్కో జాబితాకెక్కిన ఫెస్ట్-నోజ్ కూడా కచేరీ కాదు, ఊరంతా కలిసి ఆడే నాట్యపు రాత్రి.

మొదటి స్పందన రాసినవారు:
నాట్యం మాట ఒప్పుకుంటాను. అయినా పది మంది బొంబార్డులు ఒకే స్వరం మీద దిగాలంటే, పోటీలకు అనేక భాగాల కూర్పులు సిద్ధం చేయాలంటే, కాగితం లేకుండా ఎలాగో మీరు చెప్పలేదు.

ప్రశ్న అడిగినవారు:
మాకు పోటీలు లేవు. ఏటా మేం వాయించేది ఆడేవారి కోసమే. కాబట్టి వచ్చే వారం మొదటి అరగంట వాద్యాలు పెట్టెల్లోనే ఉంచి, అందరం గొంతుతో పాడుతూ ఆన్ డ్రో ఆడదామని అడుగుతాను. బహు భాగాల కూర్పులకు మాత్రం స్వరలిపి ఉండనిద్దాం. మా డ్రమ్మర్లు ఒప్పుకుంటారన్న నమ్మకం మాత్రం నాకు లేదు.