విటమిన్ డి ఇచ్చినా పాప దొడ్డికాళ్లు తగ్గలేదు, ఇప్పుడు ఫాస్ఫేట్ మందు రాశారు

పరకాల నాన్న:
మా పాపకు మూడేళ్లు. నడక వచ్చినప్పటి నుంచి దొడ్డికాళ్లే. ఫ్లోరైడ్ నీళ్ల వల్లేనని ఊరంతా తీర్పు చెప్పేసింది. 60,000 యూనిట్ల విటమిన్ డి పొట్లాలు వాడినా మార్పు లేదు. హైదరాబాద్‌లో పరీక్షలు చేయిస్తే కాల్షియం మామూలుగానే 9.4, ఫాస్ఫరస్ మాత్రం తక్కువగా 2.3 వచ్చాయి. ఎక్స్ లింక్డ్ హైపోఫాస్ఫటీమియా అట, అంటే ఎక్స్ క్రోమోజోము ద్వారా వచ్చే, రక్తంలో ఫాస్ఫేట్ తగ్గిపోయే జబ్బు. ఫాస్ఫేట్ ద్రావణం రోజుకు ఐదుసార్లు, దాంతోపాటు కాల్సిట్రయాల్ రాశారు. ఆ ఉప్పటి మందు చూస్తేనే పాప మంచం కిందకు దూరుతోంది. మా అమ్మ పాలలో కలిపి పట్టిస్తోంది. ఉదయం, రాత్రి ఎక్కువెక్కువ పోస్తే సరిపోదా?

హనుమకొండ అక్క:
వద్దు తమ్ముడూ. మా బాబుదీ ఇదే జబ్బు. ఎముకల్లో పుట్టే ఎఫ్‌జీఎఫ్ 23 అనే హార్మోను ఎక్కువై, మూత్రపిండాలు ఫాస్ఫేట్‌ను వదిలేస్తాయి. మనం చిల్లికుండ నింపుతున్నాం, అందుకే కొంచెం కొంచెంగా పోస్తూనే ఉండాలి. ఒకేసారి ఎక్కువ పోస్తే విరేచనాలు పట్టుకుంటాయి. అదే హార్మోను విటమిన్ డిని చురుకైన రూపంలోకి మారనివ్వదు, అందుకే మీ పొట్లాలు పనిచేయలేదు. కాల్సిట్రయాల్ నేరుగా ఆ రూపమే.

పాలు మాన్పించకండి, మందుతో మాత్రం కలపకండి. పాలలోని కాల్షియం ఫాస్ఫేట్‌ను పేగులోనే పట్టేస్తుంది. మేము డాక్టరును అడిగి పగటి మోతాదంతా నీళ్ల సీసాలో కలిపి, బయట స్కెచ్ పెన్నుతో గీతలు గీసి అంగన్‌వాడీకి పంపేవాళ్లం. ఏ వేళకు ఏ గీత దాకా తాగించాలో ఆయమ్మకు నాకన్నా బాగా తెలుసు! ఎఫ్‌జీఎఫ్ 23ను అడ్డుకునే బురోసుమాబ్ ఇంజెక్షన్‌కు 2018లో అమెరికా, యూరప్‌లలో అనుమతి వచ్చింది. దాని ధర అడగకండి.

కాజీపేట ఫార్మసిస్టు:
రెండింటిలో ఏదీ సొంతంగా ఆపవద్దు. ఫాస్ఫేట్ ఒక్కటే ఇస్తే, ఎముకల్లోంచి కాల్షియం లాగే పారాథైరాయిడ్ హార్మోను పెరుగుతుంది. కాల్సిట్రయాల్ ఎక్కువైతే మూత్రంలో కాల్షియం పెరిగి మూత్రపిండాల్లో పేరుకుంటుంది. అందుకే మూత్ర పరీక్ష, అప్పుడప్పుడు స్కానింగ్ తప్పవు. ఈ జబ్బులో పన్ను పుచ్చకుండానే చిగురుకు చీము పట్టవచ్చు, అలా అయితే వెంటనే దంతవైద్యుడికి చూపించండి.

పరకాల నాన్న:
అక్కా, నావీ దొడ్డికాళ్లే, చిన్నప్పుడు పోలియో అనుకున్నారు. మా ఆవిడకు ఇప్పుడు ఐదో నెల.

హనుమకొండ అక్క:
అయితే ముందు మీ ఫాస్ఫరస్ చూపించుకోండి. జబ్బు మీ నుంచి వచ్చిందని తేలితే, ఆడపిల్లలందరికీ వస్తుంది, మగపిల్లలకు రాదు. పాప పుడితే మొదట్లోనే డాక్టరుకు చెప్పండి. తొలి నెలల్లో ఫాస్ఫరస్ మామూలుగానే కనిపించవచ్చు, ఒక్క రిపోర్టు చూసి వదిలేయకండి.