సుగ్గికి పోయేది ఆశతోనా, అవసరంతోనా?

ఆదోని వాసి: మా కర్నూలు జిల్లా కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు మండలాల్లో పత్తి తీత అయిపోగానే ఇళ్లకు తాళాలు పడతాయి. గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి జనం పిల్లాపాపలతో బయల్దేరతారు. మా వైపు దీన్నే సుగ్గి అంటాం. ఊళ్లో ఉపాధి పని ఉన్నా పోయేది అక్కడ డబ్బులు ఎక్కువని. దాన్ని గోసలా చూపించడం నాకు నచ్చదు.

కోసిగి టీచర్: అన్నా, 2005 ఉపాధి హామీ చట్టం రాసిచ్చిన 100 రోజులు మనిషికి కాదు, ఇంటికి. నలుగురు పనికి పోతే తలకు 25 రోజులు. అదీ ఎక్కువగా ఎండాకాలంలోనే. సంక్రాంతి ముందు షావుకారు వచ్చి గడపలో కూర్చుంటే ఏం చెప్పాలి? విత్తనాలకు, మందులకు తెచ్చిన అప్పు అది. ఊళ్లో కూలి ఏ రోజుకారోజు తిండికే సరి. మిరప కోతలో కిలోల లెక్కన ఇంటిల్లిపాదీ కోస్తారు, తిరిగొచ్చేటప్పుడు మొత్తం ఒకేసారి చేతికొస్తుంది. అప్పు తీరేది దాంతోనే. ఇక పిల్లలు. నా తరగతిలో ఒక పాప చంటి తమ్ముణ్ణి చూసుకోవడానికే పోయింది. వలస పోయేవాళ్ల పిల్లలు ఊళ్లోనే ఉండి చదువుకునే సీజనల్ హాస్టల్ ఉందని చెప్పినా వాళ్లమ్మ ఒప్పుకోలేదు. పాప ఇక్కడుంటే చేను గట్టున చంటోడి దగ్గర ఎవరుంటారు?

గుంటూరు మిర్చి రైతు: మేమెవర్నీ బలవంతం చేయట్లేదండీ. పండిన కాయ చెట్టు మీద ఆగదు, మా ఊళ్లో అంతమంది కూలీలు దొరకరు. మేం వాహనం పంపిస్తాం, బియ్యం ఇస్తాం. వాళ్లు రాకపోతే మా పంట పోయినట్టే.

కోసిగి టీచర్: మీ మీద నాకు కోపం లేదు సార్. చేతులు మండకుండా నూనె రాసుకుని కోసే ఆడవాళ్లకు మీరిచ్చే కూలి నిజంగా ఆసరానే. నా గొడవ మా పొలాల గురించి. తుంగభద్ర దిగువ కాలువ మా మండలాల మీదుగానే పోతుంది, రెండో పంటకు మాత్రం నీళ్ల నమ్మకం లేదు. మా ఊళ్లో బోరు కింద రబీ పండించే ఇళ్లవాళ్లు సుగ్గికి పోవడం తక్కువే.

ఆదోని వాసి: మరి ఐదెకరాలున్నవాళ్లూ పోతున్నారు కదా? వాళ్లూ పేదోళ్లేనా?

కోసిగి టీచర్: వాన మీదే బతికే ఐదెకరాలన్నా అవి. ఎకరాలు పెరిగే కొద్దీ విత్తనం ఖర్చు పెరుగుతుంది, వాన తప్పిన ఏడాది అప్పూ అంతే పెరుగుతుంది. భూమి లేనివాడికి అంత అప్పు ఇచ్చేవాడే ఉండడు.