బైపోలార్ ఉన్నవాళ్ళు "రోజూ ఒక పద్ధతిలో ఉండాలి" అంటే ఏం చేయాలి?

ప్రశ్న:
మా అన్నయ్యకు బైపోలార్ (కొన్నాళ్ళు విపరీతమైన హుషారు, కొన్నాళ్ళు తీవ్రమైన దిగులు వచ్చే జబ్బు) అని తేలి ఏడాది కావస్తోంది. లిథియం వాడుతున్నాడు. మందులతో పాటు రోజూ ఒక పద్ధతిలో ఉండమని డాక్టర్ గారు చెప్పారు. పద్ధతి అంటే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు. ఒకరోజు పదింటికే పడుకుంటాడు, ఇంకోరోజు తెల్లవారుజామున మూడింటిదాకా ఫోన్ పట్టుకుని కూర్చుంటాడు. పైగా ఈమధ్య బాగానే ఉన్నానని, వ్యాయామం చేస్తే మందులు మానేయొచ్చు కదా అంటున్నాడు. నాకు టెన్షన్‌గా ఉంది. అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

జవాబు:
అమ్మా, నాకూ బైపోలార్ ఉంది. మందులు వేసుకుంటూ ఉద్యోగం చేసుకుంటున్నాను. ముందు మీ చివరి మాటకు జవాబు: సొంతంగా మానకూడదు. ఇప్పుడు బాగున్నాడంటే అందులో మందు పాత్ర చాలా ఉండి ఉంటుంది. లిథియం ఉన్నట్టుండి ఆపేస్తే మేనియా, అంటే ఆ హుషారు హద్దు మీరే దశ, తిరగబెట్టే ప్రమాదం ఎక్కువ. వ్యాయామం మంచిదే, మందు వేసుకుంటూనే చేయమనండి.

ఇక పద్ధతి సంగతి. అన్నిటికన్నా ముందు నిద్రలేచే టైమ్ పట్టుకోండి. నిద్ర రమ్మంటే రాదు కానీ, అలారం పెట్టుకుని లేవడం మన చేతిలో ఉంటుంది. సెలవు రోజైనా నేను ఆరున్నరకే లేస్తాను. లేచాక కాసేపు ఆరుబయట వెలుతురులో తిరుగుతాను. పొద్దుటి వెలుతురు ఒంట్లోని గడియారాన్ని సరిచేస్తుంది, మన జబ్బులో త్వరగా గాడి తప్పేది అదే. అమెరికాలో ఎలెన్ ఫ్రాంక్ అనే సైకాలజిస్ట్ ఈ ఆలోచన మీదే ఒక చికిత్స రూపొందించారు. అందులో రోజూ రాసుకునే టైములు ముఖ్యంగా ఐదు: మంచం దిగింది, మొదటిసారి ఎవరితోనైనా మాట్లాడింది, పని మొదలుపెట్టింది, రాత్రి భోజనం చేసింది, పడుకుంది.

నా నోట్‌బుక్‌లో వాటి పక్కన మూడ్‌కి ఒక గడి ఉంటుంది, మైనస్ 5 నుంచి ప్లస్ 5 వరకు; మైనస్ అంటే దిగులు, ప్లస్ అంటే హుషారు. పాత పేజీ ఒకటి చూసి చెప్తున్నాను. సోమవారం ఆరు గంటల నిద్ర, ప్లస్ 1. మంగళవారం నాలుగున్నర, ప్లస్ 2, పక్కన "అలసట లేదు" అని రాశాను. బుధవారం మూడే గంటలు, అక్షరాలు పెద్దవై గీతలు దాటిపోయాయి. నేను చూసేది ఆ "అలసట లేదు" కోసమే. మామూలుగా నిద్ర చాలకపోతే మర్నాడు నీరసంగా ఉంటుంది. మేనియా మొదలవుతుంటే తక్కువ పడుకుని కూడా ఇంకా హుషారుగా తిరుగుతాం. అది కనబడితే నేను ఆ రోజే డాక్టర్‌కి ఫోన్ చేస్తాను.

లిథియం వాడుతున్నాడు కాబట్టి ఇంకొకటి. నీళ్ళు తగినంత తాగాలి, ఉప్పు ఒక్కసారిగా తగ్గించకూడదు. ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు అడగకుండా వేసుకుంటే రక్తంలో లిథియం పెరిగిపోవచ్చు. వాంతులు, విరేచనాలు పట్టుకున్నా అంతే, డాక్టర్‌కి వెంటనే చెప్పాలి. చేతులు బాగా వణికినా, నడకలో తూలినా, మాట తడబడినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళండి. రక్త పరీక్షలు, థైరాయిడ్, కిడ్నీ పరీక్షలతో సహా, వాయిదా వేయనివ్వకండి. మద్యం వద్దు.

ఇంకొకరి జవాబు:
మా ఆయనకు ఈ జబ్బు ఉంది, ఇంట్లోవాళ్ళ వైపు నుంచి చెప్తాను. ఆయన గట్టిగా నవ్విన ప్రతిసారీ "మాత్ర వేసుకున్నావా?" అని అడిగితే మనిషి ముడుచుకుపోతాడు. సంతోషం కూడా జబ్బేనా అని బాధపడతాడు. మేము ఆయన బాగున్న రోజుల్లోనే కూర్చుని రాసుకున్నాం: ఏ గుర్తులు కనబడితే నేను నోరు విప్పొచ్చు, అప్పుడు డబ్బు వ్యవహారాలు ఎవరు చూడాలి, డాక్టర్‌కి నేనే ఫోన్ చేయొచ్చా అని. రాసింది ఆయనే కాబట్టి అడిగినా కోపం రాదు. దిగులు పడినప్పుడు చావు మాట ఎత్తితే మాత్రం ఒంటరిగా వదలకండి, వెంటనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళండి.

అడిగినవారు:
ఇద్దరికీ చాలా థాంక్స్ అండి. నోట్‌బుక్ ఈరోజే కొంటాను. వచ్చే నెల నుంచి వాడికి వారం మార్చి వారం రాత్రి షిఫ్ట్ వేస్తామంటున్నారు. ఏం చేయమంటారు?

మొదట జవాబిచ్చినవారు:
ఒప్పుకునే ముందు డాక్టర్‌తో మాట్లాడమనండి. వారానికోసారి షిఫ్ట్ మారితే నిద్ర కుదురుకునేలోపే మళ్ళీ చెడుతుంది. పగటి షిఫ్టే ఇవ్వాలని డాక్టర్ గారి దగ్గర లెటర్ తీసుకుని ఆఫీసులో అడగండి. జబ్బు పేరు చెప్పడం ఇష్టం లేకపోతే, ఆరోగ్య కారణాలు అని మాత్రమే రాయమని డాక్టర్‌ని అడగొచ్చు.