విడిగా ఉంటున్నా, నా పీఎఫ్, బంగారం సంగతేంటి?

కూకట్‌పల్లి_అమ్మాయి: 11 ఏళ్ల ఉద్యోగం. ఆర్నెల్లుగా అమ్మావాళ్లింట్లో ఉంటున్నా, విడాకుల కేసు ఇంకా వేయలేదు. పీఎఫ్ నామినీ ఆయనే, జీతం పడేది జాయింట్ అకౌంట్‌లో, పెళ్లి నగలేమో అత్తగారి లాకర్‌లో. ముందు ఏది చూసుకోవాలి?

గోదారి_పిల్ల: జీతం! ఈరోజే మీ ఒక్కరి పేరుతో ఖాతా తెరిచి హెచ్‌ఆర్‌కి ఆ నంబరివ్వండి. నేను బద్ధకించాను, ఓ నెల జీతం సాయంత్రానికల్లా ఖాళీ, మిగిలింది 212 రూపాయలు.

లక్ష్మి_అక్క: పీఎఫ్ డబ్బు మీదే తల్లీ, మీ తర్వాత ఎవరికన్నదే నామినీ. 1952 పీఎఫ్ స్కీమ్ ప్రకారం భర్తను కుటుంబం నుంచి తప్పించమని కమిషనర్‌కు రాతపూర్వకంగా ఇచ్చే హక్కు మహిళలకుంది, అదిచ్చి నామినేషన్ మార్చండి. నగలు స్త్రీధనం, అంటే మీ సొంత ఆస్తి, 1985లోనే సుప్రీంకోర్టు తేల్చేసింది. పెళ్లి ఫొటోలు, బిల్లులు దాచారా? ఇల్లు మాత్రం ఎవరి పేరున ఉంటే వాళ్లదే, సగం వస్తుందనుకోకండి.

కూకట్‌పల్లి_అమ్మాయి: ఆల్బమ్ ఉందక్కా. హోమ్‌లోన్‌లో నా సంతకం కూడా ఉంది...

లక్ష్మి_అక్క: అయ్యో, విడిపోయినా బ్యాంకు మిమ్మల్ని వదలదు. మీరు కట్టిన ఈఎంఐల స్టేట్‌మెంట్లు తీసి లాయర్‌కివ్వండి.