విమాన ప్రమాదాల దర్యాప్తులో దోషి ఎవరో ఎందుకు తేల్చరు?

ప్రశ్న (గగనయాత్రి):
తప్పు ఎవరిదో నిర్ణయించడం తమ ఉద్దేశం కాదని విమాన ప్రమాదాల నివేదికల మొదట్లోనే రాసి ఉంటుంది. వందల ప్రాణాలు పోయినా బాధ్యులను తేల్చని దర్యాప్తు వల్ల ప్రయాణికులకు ఒరిగేదేమిటో తెలిసినవారు వివరించగలరు.

సమాధానం (రాడార్):
పౌర విమానయానంపై దేశాలు కుదుర్చుకున్న షికాగో ఒప్పందంలోని 13వ అనుబంధం ప్రకారం దర్యాప్తు ఉద్దేశం మళ్లీ అలాంటి ప్రమాదం జరగకుండా చూడటమే. శిక్షలు న్యాయస్థానాల పని. శిక్ష భయం ఉన్నచోట ఎవరూ జరిగింది జరిగినట్టు చెప్పరు.

1996 నవంబరు 12న హరియాణాలోని చర్ఖీ దాద్రీ దగ్గర, ఢిల్లీ నుంచి బయలుదేరిన సౌదీ బోయింగ్ 747, ఢిల్లీలో దిగడానికి వస్తున్న కజకిస్తాన్ ఇల్యూషిన్ 76 గాలిలోనే ఢీకొని 349 మంది మరణించారు. కజక్ విమానం 15,000 అడుగుల ఎత్తులో ఉండవలసింది పోయి, సౌదీ విమానం ఉన్న 14,000 అడుగుల ఎత్తుకు దిగిపోవడమే కారణమని జస్టిస్ లాహోటీ విచారణ సంఘం తేల్చింది. పైలట్‌దే తప్పని అక్కడితో వదిలేస్తే మనకు మిగిలేది ఏమీ లేదు. అప్పటి ఢిల్లీ రాడార్‌లో విమానం ఎక్కడుందో కనిపించేదే తప్ప ఎంత ఎత్తులో ఉందో కనిపించేది కాదు. నేల మీద నుంచి విమానాలకు దారి చెప్పే కంట్రోలర్ పైలట్ మాటనే నమ్మాలి. పైగా వచ్చే విమానాలకూ, వెళ్లే విమానాలకూ ఒకే మార్గం. ఆ తరువాతే ఎత్తు చూపే రాడార్, వేర్వేరు మార్గాలు వచ్చాయి. ఢీకొనే ముప్పును ముందే హెచ్చరించి, పైకో కిందికో వెళ్లమని పైలట్‌కు చెప్పే టీక్యాస్ పరికరం తప్పనిసరి అయింది.

సమాధానం (దిక్సూచి):
పై మిత్రులు చెప్పినదానికి ఒక్క మాట చేరుస్తాను. పరికరం ఉన్నంత మాత్రాన సరిపోలేదు. 2002 జులై 1న జర్మనీలోని ఉబర్‌లింగెన్ మీద ఢీకొన్న రెండు విమానాల్లోనూ టీక్యాస్ ఉంది. రష్యా విమానాన్ని అది పైకి వెళ్లమంటే కంట్రోలర్ కిందికి దిగమన్నారు; పైలట్లు కంట్రోలర్ మాట విన్నారు. ఎదుటి విమానం కూడా తన టీక్యాస్ చెప్పినట్టు కిందికే దిగింది. 71 మంది పోయారు. రెండు ఆదేశాలు విరుద్ధంగా ఉంటే టీక్యాస్‌నే పాటించాలన్న నియమం ఆ తరువాత స్పష్టమైంది.

గగనయాత్రి:
ధన్యవాదాలు. మరి నివేదికకు ఏళ్లు పట్టినా ఫరవాలేదంటారా?

దిక్సూచి:
అనను. ఇలాంటి విరుద్ధ ఆదేశాల వల్లే 2001 జనవరిలో రెండు జపాన్ విమానాలు ఢీకొనబోయి, వెంట్రుకవాసిలో తప్పించుకున్నాయి. ఆ సంఘటన మీద తుది నివేదిక ఉబర్‌లింగెన్ ప్రమాదం జరిగిపోయాకే వెలువడింది.